హోలోగ్రామ్ స్టిల్ లైఫ్‌లో మరణాన్ని ఎలా చూపించాలి? పుర్రె కంటే ముందు ఆలోచించాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఫైన్ ఆర్ట్స్ చివరి ఏడాది ప్రాజెక్టుగా హోలోగ్రామ్‌లో ఒక స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువుల్ని పేర్చి చేసే బొమ్మ, చేయాలనుకుంటున్నారు. విషయం మరణం, బతుకు అశాశ్వతం అన్న మాట. పాత డచ్ చిత్రాల్లో లాగా పుర్రె, వెలుగుతున్న కొవ్వొత్తి, ఇసుక గడియారం, పూలు, సగం తొక్క తీసిన నిమ్మకాయ పెడదామని స్కెచ్ వేసుకున్నారు. చిన్న ఎర్ర లేజరు, హోలోగ్రామ్ నమోదయ్యే కొన్ని ప్లేట్లు చేతికొచ్చాయి. వీటిలో హోలోగ్రామ్‌కి ఏవి పనికొస్తాయి, హైదరాబాద్‌లో చూసేవాళ్లకి ఏం అర్థమవుతుంది అని అడిగారు.

ముందే చెప్పేస్తాను. మీ జాబితాలో సగం వస్తువులు ప్లేటు మీద పడవు. పడని వాటిలోనే మీ బొమ్మ బలం ఉంది. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

మొదట ఒక గందరగోళం తీసేద్దాం. మన దగ్గర హోలోగ్రామ్ అంటే చాలామందికి మద్యం సీసా మీద ఎక్సైజ్ స్టిక్కరో, డెబిట్ కార్డు మీద మెరిసే బొమ్మో గుర్తొస్తుంది. లేదంటే స్టేజి మీద చనిపోయిన గాయకుడు పాడినట్టు చూపించే షో గుర్తొస్తుంది. ఆ స్టేజి షోలు హోలోగ్రామ్‌లు కావు. ఏటవాలుగా నిలబెట్టిన పారదర్శకమైన తెర మీద ప్రతిబింబం పడేలా చేసే పాత నాటకాల పద్ధతి అది. 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో పెప్పర్ అనే ఆయన దయ్యాన్ని చూపించింది ఇలాగే. 2022 జనవరిలో ఇండియా గేట్ దగ్గర పెట్టిన నేతాజీ 'హోలోగ్రామ్ విగ్రహం' కూడా ప్రొజెక్టర్‌తో తెర మీద వేసిందే. మీరు చేయబోయేది వేరు. వస్తువు మీద నుంచి వచ్చిన లేజర్ కాంతినీ, నేరుగా వచ్చిన లేజర్ కాంతినీ ప్లేటు మీద కలిపితే ఏర్పడే అతిసన్నని చారల్ని నమోదు చేయడం అది. తర్వాత ఆ ప్లేటు మీద దీపం వేస్తే వస్తువు నుంచి అప్పుడు వచ్చిన కాంతే మళ్లీ బయల్దేరి కంట్లోకి వస్తుంది. తల పక్కకి జరిపితే పుర్రె వెనక దాక్కున్న వస్తువు కనిపిస్తుంది. వస్తువు మాత్రం అక్కడ ఉండదు. ఈ ఒక్క గుణం చాలు, హోలోగ్రామ్‌కీ మరణానికీ చుట్టరికం కలపడానికి.

ఇప్పుడు ఆ డచ్ చిత్రాల సంగతి. హాలండ్‌లో 17వ శతాబ్దంలో, ముఖ్యంగా లైడెన్, హార్లెం ఊళ్లలో ఈ వానిటాస్ (లాటిన్‌లో వ్యర్థం అని) చిత్రాలు బాగా నడిచాయి. బైబిల్లో ప్రసంగి చెప్పే 'సమస్తమూ వ్యర్థమే' అన్న మాట వాటికి మూలం. ఈ కోవలో స్వతంత్రమైన స్టిల్ లైఫ్‌గా ఇప్పటికి తెలిసినవాటిలో చాలా పాతది జాక్ డి గెయిన్ 1603లో వేసింది. అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గూట్లో పుర్రె, దాని పైన గాల్లో తేలే పెద్ద బుడగ, ఒక పక్క కోసిన తులిప్ పువ్వు, కింద నాణేలు. జీవితం నీటి బుడగ అనడం మనకి కొత్త కాదు కాబట్టి ఆ చిత్రం ముందు తెలుగువాడికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

మీరు బాగా చూడాల్సింది మాత్రం పీటర్ క్లాస్ 1630లో వేసిన చిత్రం. ది హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉంది, మ్యూజియం వెబ్‌సైట్లో పెద్దది చేసి చూడొచ్చు. పుర్రె, పుస్తకాలు, గడియారం, పక్కకి ఒరిగిన ఖాళీ గాజు గ్లాసు, కొడిగట్టిన దీపం. రంగులన్నీ గోధుమ, బూడిద ఛాయలే. అక్కడ ప్రతి వస్తువూ ఒక పని ఇప్పుడే ఆగిపోయిందని చెబుతుంది. తాగడం అయిపోయింది, చదవడం అయిపోయింది, దీపం వెలగడం అయిపోయింది. పుర్రెని చేత్తో మూసి చూడండి. బొమ్మ మాట్లాడటం మానదు. కాబట్టి ఆ సంప్రదాయం నుంచి మనం తెచ్చుకోవాల్సింది 'ఆగిపోవడం' అన్న ఈ భావాన్నే. వస్తువుల జాబితాని ఉన్నదున్నట్టు దించుకుంటే పాత సరుకు కొత్త ప్యాకెట్లో పెట్టినట్టే అవుతుంది.

ఆగిపోవడం అన్నది చిత్రకారుడికి ఒక ఆలోచన. హోలోగ్రామ్ ప్లేటుకి అదొక నిబంధన. మీ చేతిలో ఉన్నది హీలియం నియాన్ లేజరు అయితే దాని తరంగ దైర్ఘ్యం దాదాపు 633 నానోమీటర్లు. ఎక్స్‌పోజర్, అంటే ప్లేటు మీద కాంతి పడాల్సిన సమయం, కొన్ని సెకన్ల నుంచి, ప్లేటునీ లేజర్ శక్తినీ బట్టి, కొన్ని నిమిషాల దాకా పడుతుంది. ఆ సమయంలో వస్తువు ప్లేటు వైపు ఒక మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆరో వంతు కదిలినా కాంతి వెళ్లి వచ్చే దారి అరతరంగం మారిపోతుంది. అంటే వెలుగు చార ఉండాల్సిన చోట చీకటి చార పడుతుంది, రెండూ కలిసి చెరిగిపోతాయి. మన వెంట్రుక మందంలో ఇది కొన్ని వందల వంతు. ఫొటోలో అయితే కదిలిన వస్తువు మసగ్గా వస్తుంది. హోలోగ్రామ్‌లో అసలు రాదు. అది ఉన్న చోట దాని ఆకారంలోనే నల్లటి ఖాళీ మిగులుతుంది, దాని వెనక ఉన్నవి కూడా దాని మేర చీకటైపోతాయి. నిశ్చలమైనది వెలుగుతుంది, కదిలేది చీకటి. ఊపిరి ఉన్న ప్రతిదీ కదులుతుంది కాబట్టి, మామూలు లేజర్ హోలోగ్రామ్‌లో పూర్తిగా కనిపించేవి ప్రాణం లేనివే.

ఇది దృష్టిలో పెట్టుకుని మీ జాబితా చూద్దాం.

వెలుగుతున్న కొవ్వొత్తి కుదరదు. మంటకి సొంత వెలుగు ఉంది, అది లేజర్ కాంతి కాదు, కాబట్టి చారలు ఏర్పడవు. పైగా ఆ వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, ప్లేటుని పాడుచేస్తుంది. పైకి లేచే వేడి గాలి వెనక వస్తువుల్ని కూడా చెరిపేస్తుంది. క్లాస్ ఎంచుకుని దీపాన్ని కొడిగట్టించాడు. మీకు ఆ ఎంపిక కూడా లేదు, హోలోగ్రామ్‌లో దీపం ఆరిపోయి ఉండాల్సిందే. సబ్బు బుడగ కూడా ఇంతే, దాన్ని పట్టాలంటే సెకనులో కోట్ల వంతు కాలం మాత్రమే వెలిగే పల్స్ లేజర్ కావాలి. దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

ఇసుక గడియారం నిలబెట్టి ఇసుక జారుతుండగా ఎక్స్‌పోజ్ చేస్తే గాజు వస్తుంది, లోపల ఇసుక ఉన్న చోట చీకటి వస్తుంది. పక్కకి పడుకోబెడితే ఇసుక ఆగుతుంది, అప్పుడు గింజ గింజా కనిపిస్తుంది.

నన్నడిగితే వీటన్నిటికన్నా చేతి గడియారం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. లెక్క వేసి చూపిస్తాను. నిమిషాల ముల్లు పొడవు ఒక సెంటీమీటరు అనుకుందాం. గంటలో దాని కొన దాదాపు 6.3 సెంటీమీటర్లు తిరుగుతుంది. అంటే సెకనుకి సుమారు 17 మైక్రాన్లు. మనకి కదులుతున్నట్టే తెలియని ఆ ముల్లు ప్లేటు లెక్కలో విపరీతమైన వేగంతో పోతోంది. గంటల ముల్లు కొన కూడా సెకనుకి దాదాపు ఒక మైక్రాన్ జరుగుతుంది. కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ చాలు, మూడు ముళ్లూ మాయం. డయల్ ఉంటుంది, అంకెలు ఉంటాయి, ముళ్ల ఆకారంలో సన్నటి చీకటి ఉంటుంది. ఇప్పుడు దాని పక్కనే బ్యాటరీ అయిపోయిన ఇంకో గడియారం పెట్టండి. దాని ముళ్లు స్పష్టంగా వస్తాయి, టైము చదవొచ్చు. ఒకే ప్లేటు మీద ఆగిపోయిన గడియారం టైము చెబుతుంది, నడుస్తున్నది చెప్పదు. చూసేవాడు మొదట అచ్చుతప్పు అనుకుంటాడు, తర్వాత దగ్గరికి వస్తాడు. ఇది ఏ నూనె రంగుల చిత్రమూ తనంతట తాను చేయలేని పని, చిత్రకారుడు కావాలని ముళ్లు చెరపాలి. ఇక్కడ భౌతికశాస్త్రమే చెరుపుతుంది. నడిచే గడియారానికి క్వార్ట్‌జ్‌ది తీసుకోండి. కీ ఇచ్చే గడియారంలో లోపలి చక్రం ఊగి కేసు కూడా కదిలే ప్రమాదం ఉంది, అప్పుడు డయల్ కూడా చెరిగిపోతుంది.

పువ్వుల విషయం కూడా ఇలాగే. కోసిన పువ్వు నీళ్లు పీలుస్తూ, ఆరుతూ రెక్కలు కొంచెం కొంచెంగా కదుపుతూనే ఉంటుంది. తాజా పువ్వు చీకటిగానో, కదలిక తక్కువైతే ఒంటి నిండా నల్లటి చారలతోనో వస్తుంది. బాగా ఎండిపోయి గట్టిపడిన పువ్వు మాత్రం రెక్క రెక్కా కనిపించేలా వస్తుంది. ఎండిన ఆకులు సరిగా అతికించకపోతే గాలికి వణుకుతాయి, అది చూసుకోండి.

ఈ ఖాళీని కళగా మార్చిన తొలివాళ్లలో ఒకరు మార్గరెట్ బెన్యన్. బ్రిటన్ కళాకారిణి, 1968లో నాటింగ్‌హామ్‌లో హోలోగ్రఫీ మొదలుపెట్టారు. అప్పటికి ఇది పూర్తిగా ఇంజినీర్ల చేతిలో ఉన్న విద్య. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో లీత్, ఉపాట్నియెక్స్ 1964లో బొమ్మ రైలింజను హోలోగ్రామ్ చూపించి నాలుగేళ్లే అయింది. కదిలిన వస్తువు రాకపోతే ఇంజినీర్లు ఆ ప్లేటు పారేసేవాళ్లు. బెన్యన్ 1970లో చేసిన 'హాట్ ఎయిర్'లో ఆమె చెయ్యి ఉండాల్సిన చోట చెయ్యి ఆకారపు చీకటి ఉంటుంది. ఆ చీకటికి లోతు ఉంది. చుట్టూ తల తిప్పి చూస్తే చెయ్యి లేకపోవడం అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది. పుర్రె అనే గుర్తు అక్కర్లేకుండానే లేకపోవడాన్ని ఇంత సూటిగా చూపించిన పని హోలోగ్రఫీలో నాకు ఇంకోటి తెలియదు. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఎవరినైనా ఒక్కరినే ప్రస్తావించాలంటే ఆమెనే ప్రస్తావించండి.

దానికి పూర్తి ఎదురు దారి స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీది. 1973లో రాక్ గాయకుడు ఆలిస్ కూపర్‌ని తిరిగే సిలిండర్ హోలోగ్రామ్‌గా చేశాడు. వజ్రాల కిరీటం పెట్టుకుని కూర్చున్న గాయకుడు, వెనక ఒక మెదడు బొమ్మ, దాని మధ్యలో చాక్లెట్ ఎక్లేర్, దాని మీద చీమలు. డాలీ బొమ్మల్లో చీమలంటే కుళ్లు. కీర్తి, సొమ్ము, తీపి, కుళ్లు అన్నీ ఒకే చోట పెట్టిన వానిటాస్ అది. దానికి చాలా పేరొచ్చింది. కానీ అందులో అర్థమంతా వస్తువులదే, చుట్టూ తిరిగి చూడగలగడం తప్పిస్తే హోలోగ్రామ్ దానికి కొత్త భావమేమీ ఇవ్వలేదని నా అభిప్రాయం.

పుర్రె పెట్టకూడదని నేను అనడం లేదు. ఎముక రంగు, గరుకుదనం లేజర్‌కి బాగా నప్పుతాయి, కాంతిని అన్ని వైపులా సమంగా చిమ్ముతుంది, కదలదు. హోలోగ్రామ్ పుర్రెల్లో ఎక్కువమంది ఇళ్లలోకి వెళ్లింది నేషనల్ జియోగ్రాఫిక్ 1985 నవంబర్ కవర్ మీదిది. దక్షిణాఫ్రికాలో 1924లో దొరికిన టాంగ్ శిశువు పుర్రె. అది భయపెట్టదు. లక్షల ఏళ్ల కిందటి ఒక పసిబిడ్డ ముఖం అరచేతిలో పట్టుకున్నట్టు ఉంటుంది. అదే పత్రిక 1988 డిసెంబర్ కవర్ మీద పగిలిపోతున్న గాజు భూగోళాన్ని హోలోగ్రామ్‌గా వేసింది. క్లాస్ ఇంకో చిత్రంలో గాజు గోళం ఉంటుంది, అందులో ఈజిల్ ముందు కూర్చున్న చిత్రకారుడే ప్రతిబింబంగా కనిపిస్తాడు. దాన్నీ ఈ కవర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడున్నర శతాబ్దాల్లో ఒక మనిషి చావు నుంచి భూమి చావు దాకా గుర్తు ఎలా పెరిగిందో తెలుస్తుంది.

పుర్రెతో హోలోగ్రామ్ మాత్రమే చేయగల పని ఒకటుంది. మీరు డెనిస్యుక్ పద్ధతిలో, అంటే ఒకే కిరణం ప్లేటు గుండా వెళ్లి వెనక వస్తువుని తాకి తిరిగి వచ్చేలా చేస్తారు కదా. అలా తీసిన ప్లేటుని వెనక్కి తిప్పి దీపం వేస్తే బొమ్మ ప్లేటుకి ఇవతల గాల్లోకి వస్తుంది, లోతు మాత్రం తారుమారవుతుంది. ముక్కు ఎముక లోపలికి, వెనక భాగం ముందుకి. ముఖం ఇలా లోపలికి పోయి ఉండటాన్ని మన మెదడు ఒప్పుకోదు, దాన్ని మామూలు ముఖంగానే చూస్తుంది. ఫలితంగా మీరు కుడికి జరిగితే పుర్రె మీ వైపు తిరుగుతున్నట్టు ఉంటుంది. చెయ్యి చాపితే గాలే తగులుతుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో హోల్బెయిన్ 1533లో వేసిన ఇద్దరు రాయబారుల చిత్రం ఉంది. అందులో కింద ఏటవాలుగా సాగదీసిన మరక లాంటిది, పక్క నుంచి చూస్తేనే పుర్రె అవుతుంది. చూసేవాడు నిలబడ్డ చోటుని బట్టి మరణం కనిపించడం అన్న ఆలోచన అక్కడ మొదలైందనుకుంటే, మీ ప్లేటులో అది ఇంకో అడుగు ముందుకి వేస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. అసలు మనిషి పుర్రె కొనొద్దు, ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోవద్దు. ప్రపంచంలోని వైద్య కళాశాలలకి చాలా దశాబ్దాలు అస్థిపంజరాలు వెళ్లింది మన దేశం నుంచే, ముఖ్యంగా కలకత్తా నుంచి. 1985లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ ఎముకలు అనుమతి ఇవ్వగలిగిన స్థితిలో ఉన్నవాళ్లవి కావు, పేదవాళ్లవి. మరణం గురించి బొమ్మ చేస్తూ ఎవరి మరణాన్నో సరుకుగా వాడటం నాకు సమ్మతం కాదు. ప్లాస్టర్ పుర్రె చేసుకోండి, పూర్తిగా ఆరనివ్వండి. తడి ప్లాస్టర్ కూడా కదులుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఇక్కడి చూపరులు. మీ స్కెచ్‌లో పుర్రె, నిమ్మకాయ, కొవ్వొత్తి ఒకే బల్ల మీద ఉన్నాయి. డచ్‌వాళ్లకి సగం తొక్క తీసిన నిమ్మకాయ అంటే చూడటానికి అందం, నోట్లో పులుపు. మన దగ్గర ఆ మూడూ కలిపి చూస్తే నూటికి తొంభైమంది చేతబడి అనుకుంటారు, క్షుద్రపూజల వార్తలే గుర్తొస్తాయి. ఒకసారి ఆ ఆలోచన వచ్చాక బొమ్మలో ఇంకేమీ చూడరు. కనీసం నిమ్మకాయ తీసేయండి. అది మెత్తగా ఉండి ఆరుతూ కుంచించుకుపోతుంది కాబట్టి ఎలాగూ సరిగా రాదు. పుర్రె ఒక్కదాన్నే పెట్టినా మనవాళ్లలో కలిగేది శ్మశాన వైరాగ్యమే, గేటు దాటగానే పోతుంది. ఇంట్లో రోజూ చూసే వస్తువుతో అయితే ఆ భావం వెంట వస్తుంది.

మన ఇళ్లలో మరణపు స్టిల్ లైఫ్ ఇప్పటికే ఉంది. గోడ మీద దండ వేసిన ఫొటో, దాని ముందు చిన్న ఎర్ర బల్బు. కొన్ని ఇళ్లలో రోజూ చామంతి దండ మారుస్తారు, కొన్ని ఇళ్లలో గంధపు చెక్క దండ ఒకటి వేసి ఏళ్ల తరబడి వదిలేస్తారు. దీన్ని హోలోగ్రామ్‌గా ఊహించండి. ఫొటో మీద మనిషి చదునుగానే ఉంటాడు. ఫ్రేముకి లోతు వస్తుంది. గంధపు దండ పూస పూసా వస్తుంది. దాని స్థానంలో తాజా చామంతి దండ వేస్తే, పసుపు పువ్వు ఎర్ర కాంతిలో మామూలుగా బాగా వెలగాల్సింది, కానీ కదులుతుంది కాబట్టి ఫొటో చుట్టూ దండ ఆకారంలో చీకటి మిగులుతుంది. పోయిన మనిషి కనిపిస్తాడు, బతికి ఉన్న పూలు కనిపించవు. రెండు దండలతో రెండు ప్లేట్లు తీసి పక్కపక్కన వేలాడదీస్తే, మీ స్కెచ్‌లో ఉన్న వస్తువులన్నీ కలిసి చెప్పలేనిది చెబుతాయి. ఫొటో మీ ఇంటిదైతే ఇంట్లోవాళ్లని అడిగి వాడండి. కలర్ ప్రింటు వద్దు, ఎర్ర కాంతిలో చర్మం అంతా తెల్లగా కలిసిపోతుంది. నలుపు తెలుపు ప్రింటు తీసి గట్టి అట్టకో, రేకుకో అతికించండి. ఫ్రేము అద్దం తీసేయండి, లేకపోతే అది కాంతిని నేరుగా ప్లేటు మీదకి కొడుతుంది.

ఎర్ర కాంతి గురించి ఇంకో సంగతి. ఒకే రంగు లేజర్ వాడితే వస్తువు ఆ రంగుని ఎంత తిప్పికొడుతుందన్నదే ప్లేటుకి తెలుస్తుంది. పచ్చటి ఆకు ఎరుపుని మింగేస్తుంది, కదలకపోయినా నల్లగా వస్తుంది. కాబట్టి మామిడాకు చీకటిగా వస్తే అది కదలిక వల్లే అనుకుని పొరబడకండి. కుంకుమ, పసుపు, విభూతి మూడూ ఎరుపుని బాగా తిప్పికొడతాయి. మూడింటినీ మూడు చిన్న గిన్నెల్లో అదిమి పెట్టి తీస్తే ఏది ఏదో చెప్పడం కష్టం, మూడూ దాదాపు ఒకేలా వెలుగుతాయి. పసుపు కుంకుమలకీ బూడిదకీ మన సమాజం ఎంత తేడా పెట్టిందో, ఆ తేడాతో ఎంతమంది ఆడవాళ్ల జీవితాల్ని కొలిచిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ తేడా లేజర్‌కి కనిపించదు. నేను సూచించే వాటన్నిటిలో నాకు మనసుకి బాగా పట్టినది ఇదే. పొడులు వదులుగా పోస్తే జారతాయి. స్పూను వెనక భాగంతో గట్టిగా అదిమి, చాలాసేపు కదపకుండా వదిలేయండి. ప్లేటు ఆరాక బొమ్మ ఎరుపు కాకుండా పసుపు, ఆకుపచ్చ వైపు మళ్లొచ్చు. ప్రాసెసింగ్‌లో ఎమల్షన్ (ప్లేటు మీద కాంతిని పట్టే పూత) కుంచించుకుపోవడం వల్ల అలా జరుగుతుంది, మూడు గిన్నెలూ కలిసే మారతాయి కాబట్టి భావానికి నష్టం లేదు.

ఈ డెనిస్యుక్ పద్ధతి కనిపెట్టిన యూరీ డెనిస్యుక్ లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త, 1962లో ప్రచురించాడు. ఆయనకి ఈ ఆలోచన రావడానికి ఎఫ్రెమొవ్ అనే రష్యన్ రచయిత సైన్స్ ఫిక్షన్ కథ ఒక ప్రేరణ. అందులో తవ్వకాల్లో రాకాసి బల్లుల ఎముకలతో పాటు ఒక పలక దొరుకుతుంది. దాన్ని శుభ్రం చేస్తే ఎప్పుడో చనిపోయిన వేరే గ్రహపు జీవి ముఖం లోతుతో సహా కనిపిస్తుంది. అంటే ఈ పద్ధతి ఒక మృతుడి ముఖాన్ని ఊహించుకుంటూ పుట్టింది. రిపోర్టులో రాసుకోవడానికి పనికొస్తుంది.

ఇక చేసే పని. ఖరీదైన ఆప్టికల్ టేబుల్ అక్కర్లేదు. స్కూటర్ ట్యూబుల్లో సగం గాలి నింపి, వాటి మీద బరువైన గ్రానైట్ పలక వేయండి. మన దగ్గర గ్రానైట్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి. కింది అంతస్తు గది అయితే మంచిది. ఫ్యాను, ఏసీ, పక్కగదిలో మోటారు అన్నీ ఆపేయాలి. రోడ్డు మీద లారీలు తగ్గిన అర్ధరాత్రి దాటాక తీయండి. వస్తువుల్ని పలకకి ఎంసీల్ లాంటి దానితో అతికించండి. గ్లూ గన్ జిగురు చల్లారేటప్పుడు లాగుతుంది, అది వాడితే పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. కాగితం, పుస్తకం పేజీలు, గుడ్డ వాతావరణంలో తేమకి వంగుతాయి. పుస్తకం కావాలంటే పేజీలు అతికించేయండి. లేజరు ముందే వేసి వేడెక్కనివ్వండి. అన్నీ అమర్చాక గదిలో ఎవరూ కదలకుండా అరగంట వదిలేసి అప్పుడు ఎక్స్‌పోజ్ చేయండి. ఏది కదిలి చీకటవ్వాలో, ఏది నిశ్చలంగా ఉండాలో మీ చేతిలో ఉండాలంటే ముందు మొత్తం బల్ల నిశ్చలంగా ఉండాలి. లేకపోతే అన్నీ చీకటవుతాయి, చూసేవాడికి అది భావమో పొరపాటో తెలియదు. అందుకే ప్రతి ప్లేటులోనూ చీకటి పక్కన బాగా వెలిగే గట్టి వస్తువు ఒకటి, ఇత్తడి చెంబో గవ్వో, తప్పకుండా ఉంచండి.

వస్తువులు ప్లేటుకి దగ్గరగా ఉండాలి. మామూలు చిన్న లేజర్లతో లోతు పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. కాబట్టి మీ స్కెచ్‌లోని పెద్ద బల్ల మర్చిపోండి. అరచేయంత ప్లేటు వెనక మూడు నాలుగు వస్తువులు చాలు. లేజర్ కిరణంలోకి నేరుగా చూడొద్దు, అద్దం లాంటి మెరుపు ఉన్న లోహం పెట్టేటప్పుడు అది ఎటు తిప్పికొడుతుందో ముందు కాగితం అడ్డుపెట్టి చూసుకోండి. మీ దగ్గరున్నవి సిల్వర్ హాలైడ్ ప్లేట్లు అయితే డెవలపర్, బ్లీచ్‌లలో కొన్ని బాగా విషపూరితం. చేతి తొడుగులు, గాలి వచ్చే గది తప్పనిసరి. తనంతట తానే డెవలప్ అయ్యే ఫోటోపాలిమర్ ఫిల్మ్ అయితే ఆ టెన్షన్ లేదు, ఎక్స్‌పోజర్ మాత్రం ఎక్కువసేపు పడుతుంది.

ప్రదర్శనలో ఎక్కువ పనులు చెడేది లైటు దగ్గరే. ట్యూబ్‌లైటు కింద మీ ప్లేటు మామూలు గాజు ముక్క. నాలుగైదు చిప్పులున్న ఎల్ఈడీ బల్బు వేస్తే నాలుగైదు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి మసకగా ఉంటుంది. ఒకే బిందువు నుంచి వచ్చే చిన్న హాలోజన్ స్పాట్ గానీ, ఒకే చిప్పు ఉన్న ఎల్ఈడీ గానీ, తీసేటప్పుడు లేజర్ ఏ కోణంలో పడిందో అదే కోణంలో పెట్టండి. ప్లేటు వెనక నల్ల కాగితం. చూసేవాళ్లు ఎదురుగా వచ్చి తల అటూ ఇటూ తిప్పడానికి చోటు వదలండి, ముందు కుర్చీలు, తాళ్లు వద్దు. బొమ్మ కనిపించి, ఒక్క అడుగు పక్కకి వేయగానే పోవాలి.

మొదట రెండు గడియారాల ప్లేటు తీయండి. అది వస్తే మీ బల్ల, లేజరు, కెమిస్ట్రీ మూడూ సరిగ్గా ఉన్నట్టే. తర్వాత మూడు గిన్నెలు, ఆ తర్వాత దండలు. పుర్రెని చివరికి ఉంచండి. అప్పటికి అది అవసరమో కాదో మీకే తెలిసిపోతుంది. లేజర్ ఎన్ని మిల్లీవాట్లది, ప్లేట్లు ఏ రకం అన్నది రాస్తే ఎక్స్‌పోజర్ ఎంతసేపు ఇవ్వాలో లెక్కగట్టి చెబుతాను.